‘అయింది’ అంటే

మా ఆఫీసులో కోడు రాసేది మా వదిన. ఆ కోడు ఏం చేస్తుందో మనుషులకు చెప్పే మాన్యువల్ రాసేది నేను. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఇంట్లో సంగతేమోగానీ ఆఫీసులో మాత్రం నేను పావు మొగుణ్ణి కూడా కాదు. వదిన ఒక్క మీట నొక్కితే కొత్త వెర్షను తెల్లారేసరికి ఊళ్ళకు ఊళ్ళు చేరిపోతుంది. నేను ఒక్క వాక్యం మార్చాలంటే ముందు మార్చాల్సిన అవసరం వచ్చిందని నాకు ఎవరైనా చెప్పాలి. సాధారణంగా ఆ కబురు నాకు చేరేది, ఎవరో కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిట్టినప్పుడు.

మేం తయారుచేసేది మందుల పెట్టె. పొడుగాటి ప్లాస్టిక్ పెట్టెలో వరసగా అరలు, ముందువైపు అగ్గిపెట్టెంత తెర. మాత్ర వేసుకునే వేళకు పెట్టె కూస్తుంది, తెర మీద ఒక మాట పడుతుంది. పై మూత లోపలివైపు నేను రాసిన సూచనల కాగితం అతికించి ఉంటుంది. అంతే, పెద్ద బ్రహ్మవిద్య కాదు. కానీ చెయ్యి వణికేవాళ్ళు, చూపు ఆననివాళ్ళు, ఒక్కళ్ళే ఉండేవాళ్ళు దాన్ని నమ్ముకుని బతుకుతుంటారు కాబట్టి అందులో ప్రతి మాటా లెక్కలోకి వస్తుంది.

కోడంతా ఒక ఫోల్డరులో ఉండేది. ఎవరు ఏ వరస మార్చినా ఇంకొకరు చూసి సరేనంటే తప్ప లోపలికి పోదు. నా మాన్యువల్ మాత్రం ఎక్కడో వేరే సైట్లో ఉండేది. కోడు రాసేవాళ్ళలో ఆ సైటు పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నది ఒకటే. మాన్యువల్ని కూడా కోడు పక్కనే, అదే ఫోల్డరులో పెట్టండి. తెర మీద మాట మార్చే వరస, ఆ మాటను వివరించే వాక్యం ఒకే గుమ్మంలోంచి కలిసి లోపలికి రావాలి. ఒకటి లేకపోతే రెండోదాన్నీ రానివ్వకండి. ఎవరికివారే యమునాతీరే అన్నట్టు ఉంచి, రెండూ ఒకే మాట మీద ఉండాలంటే ఎలా ఉంటాయి?

"ఇంట్లో ఉమ్మడి కాపురం చాలదా తల్లీ, ఆఫీసులో కూడానా?" అనేది వదిన. "నువ్వో కామా మార్చినప్పుడల్లా నా టెస్టులన్నీ మళ్ళీ మొదట్నుంచీ నడవాలి. నేనో వరస మార్చినప్పుడల్లా నీ వాక్యం కోసం గుమ్మంలో నిలబడాలి. ఏదైనా మారితే చెప్తాను కదా. ఒకే ఇంట్లో ఉంటాం, చెప్పనా?"

మా మేనేజరు ఏది అడిగినా "రేపు చూద్దాం" అనే మనిషి. అందుకని ఆయన్ని రేపుగారు అని పిలుచుకునేవాళ్ళం. ఈ సంగతీ రేపటికి పడింది.

వదిన అన్న మాట నిజమే. మేం ఒకే ఇంట్లో ఉంటాం. అన్నయ్య, వదిన, అమ్మ, నేను. అమ్మ కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ముందు కాగితం చదివి తరవాతే మీట ముట్టుకోవాలన్నది అక్కడ వేళ్ళకు అంటిన అలవాటు. ప్రపంచంలో నా మాన్యువల్ని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివిన ఏకైక ప్రాణి అమ్మే. "మూడో పేజీలో ‘దయచేసి’ ఎక్కువైందే, మందేసుకోమని బతిమాలతావేంటి?" అని నన్ను వెక్కిరించేది కూడా ఆవిడే. రక్తపోటు మాత్రల కోసం మా పెట్టె ఒకటి అమ్మ గదిలో ఉండేది.

ఒకరోజు పొద్దున అమ్మ నడవలో కళ్ళు తిరిగి కూలబడిపోయింది. నుదురు గోడకు కొట్టుకుని బొప్పి కట్టింది. డాక్టరు చూసి, రక్తపోటు బాగా పడిపోయింది, మాత్ర రెండుసార్లు పడినట్టుంది అన్నాడు. అన్నయ్య ఇంటికొచ్చి పెట్టె చూస్తే ఆ పూట అరతో పాటు తరవాతి అర కూడా ఖాళీగా ఉంది.

"వేసుకున్న సంగతి మర్చిపోయావా అమ్మా?" అన్నాడు.

"మర్చిపోలేదురా. అదే వేసుకోమంది. రెండుసార్లు."

అన్నయ్య అమ్మ తల మీదుగా మా ఇద్దరి వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు నచ్చదు.

"అది రెండుసార్లు వేసుకోమనదు అత్తయ్యా," అంది వదిన మెల్లగా. "కోడు నేనే రాశాను కదా."

"మాన్యువల్లో కూడా అలా ఎక్కడా లేదమ్మా," అన్నాను నేను. "రాసింది నేనే కదా."

ఇద్దరం నిజమే చెప్పాం. అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. యంత్రాన్ని రాసినావిడా పుస్తకాన్ని రాసినావిడా ఇంట్లోనే ఉండి కాదంటుంటే ఇంక ఎవరితో వాదిస్తుంది?

ఆ రోజు నుంచి పెట్టె అన్నయ్య బీరువా పైకెక్కింది. మాత్రలు వాడే లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. పగలు అమ్మ దగ్గర ఉండడానికి ఒకావిడను మాట్లాడాడు. మతిమరుపుకు పరీక్షలు చేసే పెద్ద డాక్టరు దగ్గర పేరు రాయించాడు. వాడి ప్రేమే అది, కాదనను. కానీ ప్రేమ అనుకుని మనం ఎన్ని లాగేసుకుంటామో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అమ్మ గొడవ చెయ్యలేదు. చేసినా బాగుండేది. తనంతట తనే స్టవ్వు వెలిగించడం మానేసింది. వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చి, "నేను నీళ్ళ పంపు కట్టేశానా?" అని అడిగేది. ఓ మధ్యాహ్నం మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని పదహారో ఎక్కం చెప్పుకుంటుంటే విన్నాను. అంతా సరిగ్గానే చెప్పింది. చెప్పి, కళ్ళు తెరిచి, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూసింది. ఊరికంతటికీ కరెంటు వదిలి, ఆపిన మనిషి, ఫ్యాను వెయ్యనా అని అడిగేది. నాకు ఏడుపు వచ్చేది. పక్క గదిలోకి వెళ్ళి మాన్యువల్లో ఏదో ఒక కామా సరిచేసుకునేదాన్ని.

పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిన ముందురోజు నాకు జలుబు చేసి ఇంట్లోనే ఉన్నాను. పెట్టె కూడా తీసుకురమ్మన్నారని అన్నయ్య దాన్ని దింపి, అరలు నింపి, బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అమ్మ దాన్ని దూరం నుంచే చూస్తోంది.

"ఎలా వేసుకున్నానో రేపు డాక్టరు అడిగితే చెప్పాలి కదే. ఓసారి నీకు చేసి చూపించనా? మాత్ర మింగనులే."

సరేనన్నాను. ఆవిడ తృప్తి కోసమే అన్నాను, నిజం చెప్పాలంటే.

వేళ నేను ముందుకు జరిపి పెట్టాను. పెట్టె కూసింది. తెర మీద ‘వేసుకోండి’ అని వచ్చింది.

నేను ముక్కు తుడుచుకోవడం ఆపాను. నా మాన్యువల్లో ఆ మాట లేదు. నాకు తెలిసినంతవరకు ఆ పెట్టెలోనే ఆ మాట లేదు.

"అందా? అంటే వేసుకున్నాను." అమ్మ మాత్ర నోట్లో వేసుకున్నట్టు నటించి, దాన్ని పక్కన పెట్టి, అర మూత మూసింది. తెర ఒక్క క్షణం చీకటై మళ్ళీ వెలిగింది. ఈసారి ‘అయింది’.

అమ్మ పై మూతకు అతికించిన కాగితం మీద వేలు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, బడిపిల్లలా పైకి చదివింది. "తెర మీద ‘అయింది’ అని కనిపిస్తే మందు వేసుకునే వేళ అయిందని అర్థం. అర తెరిచి, మాత్ర వేసుకోండి." చదివి నా వైపు చూసింది. "మొదటిది ఎందుకు వేసుకోమందో నాకు తెలీలేదు. కొత్త మాత్రేమో అనుకున్నా. రెండోదానికి పుస్తకం ఉంది కదా. పుస్తకంలో ఉన్నట్టే చేశా."

అది నా వాక్యం. చదవడానికి హాయిగా ఉంటుందని మూడుసార్లు తిరగరాసిన వాక్యం.

వదినకు ఫోన్ చేశాను. "అయింది అనేది ఎప్పుడు వస్తుంది?"

"మాత్ర వేసుకున్నాక. పని అయిపోయిందని."

"ముందు కదా వచ్చేది? వేళయిందని?"

"అది పాత వెర్షను. వేళయిందనో, పనయిందనో, అరలో మాత్రలు అయిపోయాయనో తెలీడం లేదని ఒకాయన రాస్తే మార్చాను. వేళకి ‘వేసుకోండి’. వేసుకున్నాక ‘అయింది’. ఇప్పుడు ఎంత స్పష్టంగా ఉంది!" అని, ఆగి, "నీకు చెప్పాను కదా," అంది.

"ఏమని చెప్పావు?"

"బట్టలు మడతపెడుతున్నప్పుడు. ఆ ‘అయింది’ పని అయింది అని."

గుర్తొచ్చింది. దుప్పటి ఆ చివర వదిన, ఈ చివర నేను. "ఆ అయింది పని అయింది," అంది వదిన. "అయిందా, హమ్మయ్య," అన్నాను నేను. తెర మీద ఆ ‘అయింది’ అక్షరాలు ఓ పక్కకు జరిగిపోతున్నాయని ఎప్పట్నుంచో గొడవ. అది బాగైందనుకున్నాను. మాటకు అర్థం మారిందని ఆవిడ చెప్పింది, పని పూర్తయిందని నేను విన్నాను. దుప్పటి మడత మాత్రం చక్కగా కుదిరింది.

మూత మీది కాగితంలో ఏముందో, దాన్ని చూసి అమ్మ ఏం చేసిందో వదినకు చెప్పాను. తరవాత "అత్తయ్య ఏం చేస్తున్నారు?" అని అడిగింది. చెప్పాను. "వస్తున్నా," అంది.

వచ్చి చెప్పులు కూడా సరిగా విప్పకుండా అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. వదిన అంత సులువుగా ఎవరి ముందూ కూర్చునే మనిషి కాదు.

"అత్తయ్యా, మీరు చేసింది అంతా సరైందే. పెట్టె ఒకటంది, కాగితం ఒకటంది. రెండూ కలిపి చదివితే రెండుసార్లు వేసుకోవాలనే వస్తుంది. మేం ఎవరి ముక్క వాళ్ళం చూసుకుని మీరే పొరబడ్డారన్నాం."

అమ్మకు వెంటనే అర్థం కాలేదో, అర్థమైనా నమ్మలేదో. "అయితే నాకేం కాలేదా?" అని అడిగింది.

"ఏం కాలేదు."

అప్పుడు ఏడ్చింది. కళ్ళు తిరిగి పడినప్పుడు కూడా ఏడవని మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగానే ఏడ్చింది. వదినా ఏడ్చింది. నేను ఎటూ జలుబులో ఉన్నాను కాబట్టి తేడా తెలియలేదు.

సాయంత్రం అన్నయ్యకు అంతా చెప్పాం. వాడు పెట్టెను తీసుకెళ్ళి అమ్మ బల్ల మీద ఎప్పుడూ ఉండే చోట పెట్టి, అటూ ఇటూ జరిపి, ఇంకేం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. "రేపు డాక్టరు దగ్గరకి వద్దులే అమ్మా," అన్నాడు.

"ఎందుకు వద్దు, వెళ్దాం. నాకు మతి ఉందని కాగితం రాసిస్తాడు. పటం కట్టించి గోడకి తగిలిస్తా. నువ్వు రోజూ చూద్దువుగాని," అంది అమ్మ. వాడు నవ్వాలో వద్దో తెలియక తల దించుకున్నాడు. అమ్మే వాడి భుజం తట్టింది. తట్టి, మా వైపు తిరిగి, "మరి మిగతావాళ్ళ సంగతేమిటే?" అని అడిగింది. "మీ పెట్టె నా ఒక్కదాని దగ్గరే లేదుగా. నాలాగే పుస్తకం చూసి చేసినవాళ్ళని వాళ్ళ ఇళ్ళల్లో ఏమంటున్నారో!"

నిజంగా నాకు అంతవరకూ ఆ ఆలోచన రాలేదు.

మర్నాడు అన్నయ్య అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, మేమిద్దరం ఆఫీసుకు వెళ్ళాం. రేపుగారు సంగతంతా విని గడ్డం నిమురుకున్నారు. "అప్‌డేట్‌లో ఆ మాట సరిచేసి పంపించేద్దాం. చడీచప్పుడూ లేకుండా. కాగితాల సంగతి రేపు..."

నాకు కోపం వస్తే మాటలు తడబడతాయి. తడబడుతూ ఉండగానే వదిన మొదలుపెట్టింది. "ఇవాళ. మందు విషయంలో తప్పుంటే కొన్నవాళ్ళకి చెప్పి తీరాలి, చట్టమే ఉంది. ఇవాళ మనం చెబితే నోటీసు అవుతుంది. రేపు వాళ్ళు చెబితే కేసవుతుంది." "సరే, ఇవాళే," అన్నారు రేపుగారు. ఆ మనిషి నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

వదిన ఇంకొక పని కూడా చేసింది. నేను అడగకుండానే మాన్యువల్ మొత్తాన్ని తెచ్చి కోడు ఫోల్డరులో పెట్టింది. తెర మీద కనిపించే మాట ఏది మార్చినా, దాన్ని వివరించే వాక్యాన్ని కూడా తాకకపోతే ఆ మార్పు లోపలికి పోకుండా అడ్డం పెట్టింది. "పక్కన ఉండుంటే నీ వాక్యం నా కళ్ళబడేది," అంది. "వేళయింది అన్న అర్థం ఇళ్ళల్లో మూతలకి అతికించి ఉందని తెలిస్తే ఆ మాట ఇంకోదానికి వాడతానా? దుప్పటి మడతల్లో చెప్పానే కానీ, చదివింది లేదు కదా." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా ఆకులు పట్టుకోని వాళ్ళని కూడా చాలామందిని చూశాను.

నోటీసు రాయడం దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. రేపుగారు తయారుచేయించిన ముసాయిదాలో, "కొన్ని పరిస్థితులలో వినియోగదారులకు అయోమయం కలిగే అవకాశము ఉన్నందున" అని ఉంది. దాన్ని ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను.

"అయోమయం ఎవరికి?" అంది అమ్మ. "నాకేం అయోమయం లేదు. మీకుంది. అది రాయండి."

వదినా నేనూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాం. ఆవిడ ఒక మాట చెబితే నేను కొట్టేసి, నేను ఒకటి రాస్తే ఆవిడ పెదవి విరిచి, చివరికి ఇద్దరం ఒప్పుకున్నది ఇది. "మాత్ర వేసుకున్నాక తెర మీద ‘అయింది’ అని చూసి, మా కాగితం చదివి, మళ్ళీ మాత్ర వేసుకున్నవారు ఉంటే వారిని వెంటనే డాక్టరుకు చూపించండి. వారు చదివింది చదివినట్టు చేశారు. వారి జ్ఞాపకశక్తిలో లోపం లేదు. తప్పు మాది." ఆఖరి రెండు వాక్యాల కోసం రేపుగారితో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోట్లాడాం. కావాలంటే కింద నా పేరు పెట్టండి, నన్నే తిడతారు, అంది వదిన. ఆయన వదిన పేరు పెట్టలేదు గానీ వాక్యాలు ఉంచారు.

అమ్మ మళ్ళీ స్టవ్వు వెలిగిస్తోంది. ఎదురింటివాళ్ళ ఫ్యూజు పోతే వెళ్ళి సరిచేసి వచ్చింది. కానీ మాత్ర వేసుకుని అర మూశాక, తెర మీద ఏం వచ్చిందో చూసి, గుమ్మం వైపు కూడా ఒకసారి చూస్తుంది, ఎవరైనా ఉన్నారా అని. కోడులో తప్పు ఒక పూటలో సరిచేశాం. ఈ చూపు ఎప్పటికి పోతుందో నాకు తెలియదు. వదిన ఆ వేళకు ఏదో పని కల్పించుకుని అమ్మ గదిలో ఉంటుంది.

నోటీసు వెళ్ళాక హెల్ప్‌లైన్‌కు ఫోన్లు మొదలయ్యాయి. అక్కడుండే అమ్మాయి ఒక్కతే పట్టలేకపోతుంటే మేమిద్దరం కూడా వెళ్ళి కూర్చున్నాం. తిట్టేవాళ్ళు తిట్టారు. పెట్టె వెనక్కి తీసుకోమన్నవాళ్ళు ఉన్నారు. కొత్త కాగితం ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళు ఉన్నారు.

ఒక పెద్దాయన ఫోన్ వదిన పట్టింది. అందరికీ వినపడేట్టు స్పీకరులో పెట్టింది. నోటీసు అందిందనీ, రెండుసార్లు చదివాననీ ఆయన నింపాదిగా చెప్పాడు. తనకూ అలాగే జరిగిందట. వదిన ఆయన ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, క్షమించమని అడిగి, "మీ జ్ఞాపకశక్తిలో ఏ లోపమూ లేదండీ, తప్పు మాదే," అంది.

"నాకు తెలుసు తల్లీ," అన్నాడాయన. "నాకు చెప్పి ఏం లాభం? నువ్విలా చెప్పావని నేను చెప్తే, అది కూడా నేనే కల్పించుకున్నాననుకుంటారు. మా అబ్బాయి సాయంత్రం ఇంటికొస్తాడు. అప్పుడు ఫోన్ చేసి వాడికి చెప్పు."

వదిన ఎన్నింటికి చెయ్యమంటారని అడిగింది.